కుచ్చుల కవరు

నాకు కోపం ముక్కు మీద ఉంటుందని మా ఆవిడ అంటుంది. తప్పు. ముక్కు దాకా వెళ్లే ఓపిక దానికెక్కడిది, నాలిక మీదే కాపురం. ఆ ఏడాది ఎండల్లో నా కోపానికి రోజూ తిండి పెట్టింది మా ఆఫీసులో కిటికీ పక్కనున్న కంప్యూటర్.

వన్‌టౌన్‌లో, పోర్టుకి కూతవేటు దూరంలో ఒక పాత మేడ మీద మా ఆఫీసు. ఓడల్లో వచ్చే సరుకుకీ, వెళ్లే సరుకుకీ కస్టమ్స్ కాగితాలు తయారుచేసే చిన్న కంపెనీ. మిషన్లు రెండే. కిటికీ పక్కన పెద్ద మిషను, కస్టమ్స్‌కి పంపాల్సిన బిల్లులన్నీ దాంట్లోనే కొట్టాలి. మూలన ముసలి మిషను, డ్రాఫ్టులు కొట్టుకోవడానికి. ముసలిదాంట్లో కొట్టింది ఫ్లాపీలో వేసుకుని పెద్దదాంట్లోకి ఎక్కించేవాళ్లం. నేను గుమస్తాని. ద్వారకా నగర్‌లో ఆర్నెల్లు కంప్యూటర్ కోర్సు చేసిన పాపానికి ఆ రెంటికీ వైద్యుణ్ణి కూడా నేనే అయ్యాను.

పెద్ద మిషను ఉన్నట్టుండి బిగుసుకుపోయేది. బిల్లు సగం కొట్టి ఉంటాం. బాణం గుర్తు ఎక్కడుందో అక్కడే ఆగిపోయేది. తెర మూలనున్న గడియారంలో పదకొండూ నలభై అని ఉంటే మధ్యాహ్నం భోజనాలయ్యాక కూడా పదకొండూ నలభయ్యే. మూడు వేళ్లతో మూడు మీటలూ కలిపి నొక్కినా ఉలకదు, పలకదు. కరెంటు తీసి మళ్లీ పెట్టాలి, కొట్టిందంతా మళ్లీ మొదటినుంచి కొట్టాలి. మా మేనేజరు గారు తలుపు దగ్గర నిలబడి, "ఓడ నీ మిషను కోసం ఆగదయ్యా," అని ఒక్క మాటే అనేవారు. ఆగిన రోజల్లా నాలుగుసార్లు అనేవారు.

దానికి ముందు నా కవరు గురించి చెప్పాలి. వన్‌టౌన్‌లో ఉన్నవాళ్లకి నల్లగాలి తెలుసు. పోర్టు వైపు నుంచి గాలి ఇటు తిరిగిందంటే బొగ్గు పొడి వచ్చేస్తుంది. ఆరేసిన బట్టలు, కడిగిన మెట్లు, మూతపెట్టని మంచినీళ్లు, అన్నిటి మీదా సన్నటి నల్లపొర. అలాంటి గాలికి అంత ఖరీదైన మిషను అప్పజెబుతామా? ఇంట్లో కర్టెన్లకి పోగా మిగిలిన గుడ్డతో మా ఆవిడ చేత డబ్బాకీ, టీవీలాంటి దాని తలకీ కలిపి ఒక కవరు కుట్టించాను. అడుగున కుచ్చులు ఆమె ఇష్టం. నా తెలివి మాత్రం ముందువైపు ఉంది. తెర కనబడేంత కిటికీ, ఫ్లాపీ పెట్టేంత కన్నం, బటన్ నొక్కేంత ఇంకో కన్నం కోయించాను. అంటే మిషను నడుస్తుండగానే కప్పుకోవచ్చన్నమాట. లోకంలో ఇంకెవడికీ ఈ ఆలోచన రాలేదని నేను చాలాకాలం మురిసిపోయాను. గోడమీద కాగితం కూడా అంటించాను: నల్లగాలి రోజు కిటికీలు మూయవలెను, కవరు కప్పవలెను.

మా అటెండరు శ్రీకాకుళం వైపు మనిషి. నాదీ అటే, పొలం పనులు చేసుకునే ఇల్లు. అందుకని బావా అంటే బావా అనుకునేవాళ్లం. మొదటిరోజు కవరు చూసి పగలబడి నవ్వాడు. "ఏటి బావా, పెల్లికూతురికి ముసుగేసినావా? బొట్టు కూడా పెట్టీ మరి." బొట్టు కూడా ఉంది. ఏటేటా దసరాకి ఆయుధపూజ చేసి మిషనుకి పసుపూ కుంకుమా పెట్టేవాళ్లం. పాత బొట్టు మీద కొత్త బొట్టు.

సరే, బిగుసుకుపోవడం మొదలైంది. కోర్సులో మాకు నేర్పిన మొదటి పాఠం, మిషను మారాం చేస్తే వైరస్. ఒక పత్రికతోపాటు వచ్చిన సీడీలో యాంటీవైరస్ ఉంటే తెచ్చి పెట్టాను. ఎక్కించేటప్పుడు అది అడిగింది, ఏ ఏ భాగాలు కావాలి అని. వరసగా గడులు. తెరిచే ప్రతి ఫైలునీ చూసే కాపలా ఒకటి. వచ్చే మెయిలుకి ఒకటి, పోయే మెయిలుకి ఒకటి. ఇంటర్నెట్ పేజీలకి ఒకటి. ఇంకా పేరు పెట్టని కొత్త వైరస్‌లని అనుమానంతో పట్టేది ఒకటి. చాటింగ్‌కి ఒకటి. మా ఆఫీసులో చాటింగ్ చేసేవాడే లేడు. అయినా పెళ్లి భోజనంలో వడ్డించేవాడికి వద్దని చెప్పడం చేతకాని మనిషిని నేను. అన్ని గడుల్లోనూ టిక్కు పెట్టాను. గుమ్మానికొకడు, కిటికీకొకడు, ఆ కాపలావాళ్ల మీద ఇంకొకడు కాపలా ఉంటే ఇక ఇంట్లోవాళ్లు అడుగు తీసి అడుగు వేయడమెలా అని ఆలోచించలేదు.

మిషను నత్తనడక నడిచింది. బిగుసుకుపోవడం తగ్గలేదు సరికదా పెరిగింది. వారానికి రెండుసార్లు ఆగేది రోజుకి రెండుసార్లు ఆగడం మొదలెట్టింది.

అప్పుడు పద్ధతిగా వెళ్దామనుకున్నాను. రోజుకి ఒక భాగం తీసేసి చూడటం, డైరీలో రాసుకోవడం. సోమవారం చాటింగ్ కాపలా తీశాను. పదింటికే బిగుసుకుంది. మంగళవారం మెయిల్ కాపలా తీశాను. సాయంత్రం దాకా ఒక్కసారి కూడా ఆగలేదు! దొంగ దొరికాడని ఆఫీసంతా చాటింపు వేశాను. బుధవారం మధ్యాహ్నానికి రెండుసార్లు ఆగింది. గురువారం అన్నీ తీసేశాను, ఆగింది. శుక్రవారం విసుగొచ్చి అన్నీ మళ్లీ పెట్టాను, ఆగలేదు. ఏమి లెక్క ఇది? ఇంట్లో అన్నం తింటూ తింటూ మధ్యలో ఆగిపోయి గోడకేసి చూసేవాణ్ణి. "మిషనుకి వచ్చిన జబ్బు మీకూ వచ్చిందా?" అని మా ఆవిడ అడిగింది. కూర బాగోలేదని అరిచాను. కూర బాగానే ఉంది, పాపం. బావ నిమ్మకాయ కట్టమన్నాడు. నవ్వకండి, కట్టాను.

ముసలి మిషను మీద పనిచేసేది ఒకమ్మాయి. డిగ్రీ చదివింది, మూడు నెలల కాంట్రాక్టు మీద టైపిస్టుగా వచ్చింది. జాలరిపేట పిల్ల. వాళ్ల నాన్న తెప్పమీద వేటకి వెళ్లేవాడు, చూపు మందగించి మానేశాడు. తల్లి చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్లో తిరిగేది. "మా అమ్మ తట్టా, నా ఉద్యోగమూ, ఈ రెండే సార్ మా ఇంటికి," అని చేరిన కొత్తల్లో ఒకసారి చెప్పింది. కాంట్రాక్టు పొడిగిస్తారా, ఎవర్ని అడగాలి అని కూడా అడిగింది. బాగా పనిచెయ్యి, చూద్దాం అన్నాను, అదేదో నా చేతిలో ఉన్నట్టు.

నిజానికి నా చేతిలోనే ఉంది.

ఆ శనివారం ఆమె డ్రాఫ్టు ఫ్లాపీ పట్టుకుని పెద్ద మిషను దగ్గరికి వచ్చింది. నాకు ఒళ్లు మండిపోయి ఉంది. ఫ్లాపీ లాక్కుని దాన్ని మొత్తం స్కాన్ చేయమన్నాను. తెర మీద ఎర్రటి డబ్బా వచ్చింది, గంట మోగింది. వైరస్! ఫ్లాపీ లోపల వదిలేసి మిషను ఆన్ చేస్తే అంటుకునే పాతకాలపు రకం. నేను కుర్చీలోంచి లేచిపోయాను.

"ఇదిగో! ఇన్నాళ్లూ నా ప్రాణం తీసింది ఇదీ!"

ఆఫీసంతా తిరిగి చూసింది. ఆమె మొహం తెల్లబోయింది. "నాను ఇంటికి కూడా తీసుకెల్లలేదు సార్. మీరిచ్చిన డబ్బాలోని ఫ్లాపీయే గదా."

"అయితే గాల్లోంచి ఊడిపడిందా?"

మేనేజరు గారు విన్నారు. ఆయనకి కావాల్సింది ఒక కారణం, దొరికింది. "ఆ అమ్మాయిని మిషన్లు ముట్టుకోనివ్వకు. నెలాఖరుతో కాంట్రాక్టు అయిపోతుంది కదా, పొడిగించొద్దు," అని లోపలికి వెళ్లిపోయారు. నేను ఆ ఫ్లాపీని అక్కడికక్కడే ఫార్మాట్ చేసి, సాక్ష్యం పేరుతో నా సొరుగులో పడేశాను. ముసలి మిషనుకి కూడా వైద్యం చేసి ఆ వైరస్ వదిలించాను.

నెలాఖరుకి రెండు వారాలుంది. ఆమెని కిటికీకి అటుపక్క బల్ల దగ్గర కూర్చోబెట్టి రిజిస్టర్లు చేత్తో రాయించారు. ఏడవలేదు, తిట్టలేదు. తల వంచుకుని రాసుకునేది. అది చూస్తుంటే నాకు ఇంకా చిరాకు పుట్టేది, ఎందుకంటే వైరస్ వదిలించాక వచ్చిన సోమవారం నుంచే మిషను మళ్లీ ఆగడం మొదలెట్టింది. దొంగని పట్టేశాక కూడా దొంగతనం జరుగుతోంది. నేను ఎవరికీ చెప్పకుండా కరెంటు తీసి పెట్టుకుంటూ వచ్చాను.

ఒకరోజు ఆమె లేచి నా దగ్గరికి వచ్చింది. చేతిలో చింపిన క్యాలెండరు కాగితాలు, వెనకవైపు పెన్సిలు గీతలు.

"సార్, కోప్పడకండి. ఒకటి సెప్తాను."

"ఏటి?"

"పోర్టు వేపు గాలి మల్లిన రోజే మీ మిషను ఆగిపోతంది. సముద్రం వేపు నుంచి గాలొచ్చిన రోజు ఒక్కసారి కూడా ఆగలేదు. ఆ ముసలి మిషను కాడ ఉన్నప్పటి నుంచీ సూస్తన్నాను. రాసినాను, సూడండి. మా అయ్యకి కల్లు సరిగ్గా కనబడవు గానీ పొద్దున్నే ఒడ్డున నిలబడి గాలెటు నుంచో సెప్పేస్తాడు. ఆయన సెప్పిందీ, మీది ఆగిందీ సరిపోతన్నాయి."

ఆ కాగితాలు తీసుకుని చూడాలి కదా మనిషన్నవాడు. నేను చూడలేదు. "గాలికి వైరస్ వస్తాదా అమ్మా? సేపల గాలి తెలుస్తాది గాని మిషన్ల సంగతి నీకేటి తెలుస్తాది?" అన్నాను.

అన్నాను. ఇప్పుడు రాస్తుంటే కూడా చెవులు వేడెక్కుతున్నాయి. ఆమె కాగితాలు మడిచి నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం అందరూ వెళ్లడానికి సర్దుకుంటుంటే ఉండబట్టక నా డైరీ తీశాను. మెయిల్ కాపలా తీసేసిన మంగళవారం ఆగలేదు కదా, ఆమె కాగితంలో ఆ రోజు దగ్గర సముద్రం గాలి అని ఉంది. అన్నీ తీసేసినా ఆగిన గురువారం, పోర్టు గాలి. అన్నీ పెట్టినా ఆగని శుక్రవారం, సముద్రం గాలి. ఒక్కటి తప్పితే ఒట్టు. నేను రోజుకొక భాగాన్ని తీసి పెట్టుకుంటూ ఎగిరాను, గాలి తన మానాన తాను తిరిగింది. కానీ గాలికీ మిషనుకీ సంబంధమేమిటి? నల్లగాలి రోజున మేం వేరుగా చేసేదేమిటి? గోడమీద నా కాగితం వైపు చూశాను. కిటికీలు మూయవలెను, కవరు కప్పవలెను.

మర్నాడు నల్లగాలే. పొద్దున్న కిటికీలు మూసి, కవరు కప్పి, గడియారం చూస్తూ కూర్చున్నాను. అరగంట కాకుండానే బిగుసుకుంది. కవరు కింద చెయ్యి పెట్టాను. అట్లపెనం! మిషను కాస్త చల్లారనిచ్చి, కవరు పీకేసి, కిటికీలు బార్లా తెరిచి మళ్లీ మొదలుపెట్టాను. అందరూ నన్ను తిట్టారు, కాగితాల మీద నల్లపొడి పడుతోందని. పడనీ. మధ్యాహ్నం దాకా ఆగలేదు. భోజనాలప్పుడు మరలు విప్పి డబ్బా తెరిచాను. లోపలి ఫ్యాను రెక్కల మధ్య ఇన్నేళ్ల నల్లపొడి ముద్దకట్టి ఉంది, దాంట్లో ఎర్రగా దసరా కుంకుమ. ఆ ఫ్యాను అసలే కష్టంమీద తిరుగుతోంది. దాని ముఖాన నేను గుడ్డ కప్పాను. గుడ్డ కింద ఉన్నదాని నెత్తిన అరడజను కాపలాలు పెట్టి ఇంకా ఎక్కువ పని చెప్పాను. వేడెక్కి ఆగిపోక ఏం చేస్తుంది?

బ్రష్షుతో దులిపాను. యాంటీవైరస్‌లో ఫైళ్ల కాపలా, వచ్చే మెయిల్ కాపలా ఉంచి మిగతావన్నీ పీకేశాను. కవరు మడిచి ఇంటికి తీసుకెళ్లడానికి సంచిలో పెట్టాను. మేనేజరు గారికి చెబితే భుజం తట్టారు. "శభాష్! నీ బుర్ర బుర్రయ్యా." ఇది కనిపెట్టింది నేను కాదు సార్ అనే మాట గొంతు దాకా వచ్చింది. ఆయన ఇంకో మాట అన్నారు. "వేడి సంగతి సరే. ఆ అమ్మాయి వైరస్ తెచ్చిన మాట మాత్రం నిజమే కదా?"

"నిజమేనండి," అన్నాను.

సీటు దగ్గరికి వచ్చాక ఆ 'నిజమే' నన్ను వదల్లేదు. మీరిచ్చిన డబ్బాలోని ఫ్లాపీయే గదా అంది ఆమె. నేను ఇచ్చిన కొత్త ఫ్లాపీకి ముసలి మిషను నుంచే అంటుకుని ఉండాలి. ముసలి మిషనుకి ఎవరు అంటించారు? నా సొరుగులో ఇంకో ఫ్లాపీ ఉంది. జాతకాలు చూసే ప్రోగ్రాం, ద్వారకా నగర్ స్నేహితుడొకడు ఇచ్చాడు. మా చెల్లెలికి సంబంధాలు చూస్తున్న రోజులు, ఆ టైపిస్టు చేరకముందు ఆ ముసలి మిషను మీదే కూర్చుని పొంతనలు చూసేవాణ్ణి. ఫ్లాపీ లోపలే మర్చిపోయి మర్నాడు మిషను ఆన్ చేయడం నాకు అలవాటు. దాన్ని స్కాన్ చేశాను. ఎర్రటి డబ్బా వచ్చింది. అదే పేరు, అక్షరం పొల్లుపోకుండా. గంట మోగకుండా స్పీకరు ముందే తీసేసి ఉంచాను, చూడండి నా తెలివి.

నెలాఖరుకి ఇంకా నాలుగు రోజులు. నాలుగు రోజులూ మేనేజరు గారి తలుపు దాకా వెళ్లాను. ఒకసారి ఏదో సంతకం అడిగి వచ్చాను, ఒకసారి సెలవు గురించి అడిగి వచ్చాను. నా పరువు పోతుందని భయం. ఇంతమందిలో ఎగిరిన నోరు ఇప్పుడెలా దించుకోవడం? ఇంట్లో ఆ కవరు కనబడితే మా ఆవిడ మీద అరిచాను. "మీరే కదండీ కుట్టమన్నారు," అంది.

ఆఖరి రోజు సాయంత్రం ఆమె సంచి భుజాన వేసుకుని నా బల్ల దగ్గర ఆగింది.

"సార్, నా ఫ్లాపీ ఇచ్చేస్తారా? దాంట్లో నా బయోడేటా ఉంది. ఆటోనగర్‌లో ఒక ఫ్యాక్టరీలో టైపిస్టు కావాలంటన్నారు."

ఫ్లాపీ ఫార్మాట్ చేసేశాను కదా. ఆ మాట చెప్పాను. ఆమె భుజాన ఉన్న సంచి దించింది. "పర్నేదు సార్. మల్లీ కొట్టుకుంటాను. పది నిమిషాలు ఇక్కడ కూకోవచ్చా?"

మిషన్లు ముట్టుకోవద్దన్న హుకుం ఇంకా అమల్లోనే ఉంది. నేను లేచి నా కుర్చీ ఇచ్చాను. కిటికీ తెరిచి ఉంది, కవరు లేదు, మిషను హాయిగా నడుస్తోంది. ఆమె చకచకా కొట్టుకుపోతూ ఒకచోట ఆగింది.

"సార్, ఇక్కడ మూడు నెల్లు పనిచేసినట్టు రాసుకోవచ్చా?"

రాసుకో అన్నాను.

"అడిగితే సెప్పడానికి ఒకరి పేరు కావాలి. మీ పేరు రాస్తాను సార్. కంప్యూటర్ గురించి తెలిసినోరు ఇక్కడ మీరే గదా."

అందులో ఎకసెక్కెం ఉందేమోనని ఆమె మొహం వెతికాను. లేదు. ఉంటే బాగుండునని అప్పుడు ఎంత కోరుకున్నానో! ఆఫీసు ఫోన్ నంబరు నేనే చెప్పాను. ఆ ఫోన్ ఉండేది మేనేజరు గారి బల్ల మీద.

వారం తర్వాత బావ వచ్చి పిలిచాడు. "బావా, ఆటోనగర్ నుంచి నీకు ఫోనంట." లోపలికి వెళ్లాను. మేనేజరు గారు ఏదో రాసుకుంటున్నారు, ఎదురుగా రిసీవరు పక్కన పెట్టి ఉంది. అవతల ఎవరో పెద్దమనిషి గొంతు. ఫలానా అమ్మాయి మీ పేరు రాసింది, మా కంప్యూటర్ ఆమెకి అప్పగించవచ్చా అన్నాడు.

"అప్పగించొచ్చండి," అన్నాను. అక్కడితో అయిపోతుందనుకున్నాను.

"మరి మీరెందుకు ఉంచుకోలేదు?"

మేనేజరు గారి తల వంచే ఉంది. కలం కదులుతోంది. పని లేక తీసేశారండి అంటే సరిపోయేది. ఆమెకి ఉద్యోగం వచ్చేది, నా పరువూ నిలిచేది. కానీ నాలిక మీద కాపురం ఉండే కోపం ఈసారి నా మీదికే తిరిగింది.

"నా మూలానండి. వైరస్ తెచ్చింది నాను, నా జాతకాల ఫ్లాపీలో. ఆ పిల్ల మీద తోసేసినాను. మా మిషను ఎందుకు ఆగిపోతందో కనిపెట్టింది కూడా ఆ పిల్లే, నాను కాదు."

కలం ఆగిపోయింది.

"హలో? లైను సరిగ్గా లేదండి. ఇటు మా మిషన్ల మోత. కాస్త గట్టిగా చెప్పండి."

గట్టిగా చెప్పాను. మొదటి మాట నుంచి చివరి మాట దాకా, హాల్లో కూర్చున్నవాళ్లందరికీ వినబడేలా. తలుపు దగ్గర బావ టీ గ్లాసులతో నిలబడిపోయాడు.

"సరేనండి. సోమవారం నుంచి రమ్మంటాం," అని ఆయన పెట్టేశాడు.

నేను రిసీవరు కింద పెట్టాను. మేనేజరు గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఆ జాతకాల ఫ్లాపీ ఎక్కడుంది?"

నా సొరుగులోనే ఉంది. హాలంతా నడిచి వెళ్లి, తెచ్చి ఆయన ముందు పెట్టాను.